పిండిలో అడుగులు

అడవిని ఆనుకున్న మా వీధి చివరింటి దగ్గరికొచ్చేసరికి పాలవాడు కూడా సైకిల్ గబగబా తొక్కేస్తాడు. మనిషన్నవాడు లేని ఆ ఇంట్లో చీకటి పడితే చాలు — ఎవరో కాళ్ళీడ్చుకుంటూ తిరుగుతారట... మూలుగుతారట...

ఈ కథ నాకు చెప్పింది మా బావ. పట్టపగలు చెబుతూ కూడా రెండుసార్లు వెనక్కి చూసుకున్నాడు.

మా బావ దర్జీ. అక్కకి అటవీశాఖలో ఉద్యోగం. అడుగుజాడ, పెంట, చెట్టు మీద గీరిన గుర్తు — ఏది చూపించినా ఏ జంతువుదో ఇట్టే చెప్పేస్తుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇద్దరూ మా ఇంట్లోనే, ఒక్క గదిలో, కుట్టుమిషన్‌తో కలిపి ముగ్గురు. ఎలాగైనా ఆ చివరింట్లో కాపురం పెట్టాలని అక్క ఆశ.

"దెయ్యం లేదని తేలితే రేపే సామాను సర్దేద్దాం," అన్నాడు బావ.

"ఇవాళే తేల్చేద్దాం రండి."

ఆ రాత్రి అక్క ఒక జల్లెడ పట్టుకెళ్ళి, గడియ ఊడిన వీధి తలుపు నుంచి తేనెపట్టు పట్టిన వెనక గది గుమ్మం దాకా హాలంతా పల్చగా పిండి జల్లింది. "ఎవరొచ్చినా అడుగు పడుతుంది. ఎవరిదో నేను చెబుతా."

"దెయ్యానికి పాదాలు తిరగబడి ఉంటాయే..."

"ఉంటే అదీ కనపడుతుందిగా."

ఇద్దరూ వంటగదిలో దూరి తలుపేసుకున్నారు. చాలాసేపు ఏమీ లేదు. బావకి కునుకు పట్టబోతోంది —

కిర్ర్...

వీధి తలుపు! తర్వాత బరువుగా, ఈడ్చుకుంటూ... థప్... థప్... "హుఫ్..."

బావ అక్క చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అది చీపురుకట్ట అని తర్వాత తెలిసింది.

చప్పుడు ఆగాక తలుపు ఓరగా తీసి టార్చి వేశారు. పిండిలో అడుగులు! మడమ, పాదం, అయిదు వేళ్ళు — అచ్చం మనిషివే. కానీ బొటనవేలు... బయటివైపుంది.

"చెప్పానా! తిరగబడ్డాయి..." బావ అక్క వెనక్కి నక్కాడు.

అక్క బావ మెడలో వేలాడుతున్న టేపు లాక్కుని వంగి కొలిచింది. సంతోషం పట్టలేక అక్కడే గెంతింది.

"ఏమండీ, ఎలుగుబంటి! దానికి పెద్దవేలు బయటివైపే ఉంటుంది. అదిగో, వేళ్ళ ముందు గోళ్ళ గుర్తులు! వెనక గదిలో తేనెపట్టుంది కదా, దానికోసం వస్తోంది!"

బావకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "దెయ్యం కాదా? ఉత్త ఎలుగుబంటేనా? అయితే ఇల్లు మనదేనే!" అంటూ వంటగది గుమ్మంలోనే అక్కని గిరగిరా తిప్పేశాడు. ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

తిరుగుతూ తిరుగుతూ అక్క ఆగిపోయింది. టార్చి వీధి తలుపు మీద వేసింది. అక్కణ్ణుంచి మెల్లిగా వెనక గది దాకా...

"ఏమైందే?"

"అడుగులన్నీ లోపలికే ఉన్నాయండీ..." అక్క గొంతు గుసగుసలోకి దిగింది. "బయటికెళ్ళింది... ఒక్కటీ లేదు."

ఆ గదికి ఇంకో తలుపు లేదు.

చీకట్లోంచి, బాగా దగ్గరగా — "హుఫ్..."

బావ కొయ్యబారిపోయాడు. పెదవులు మాత్రం కదిలాయి.

"ఇంకోసారి సరిగ్గా చూడవే... దెయ్యమేమో!"