ఊపిరి తీసుకునే చోటు

పొయ్యి మీద చాయ్ మరుగుతుండగానే కుబ్రా చింతపండు పిసికి, ఎర్రకోటు ఇత్తడి గుండీలు తోమడం మొదలుపెట్టింది. జమ్మికుంటలో పెళ్లిళ్లు మొదలయ్యాయంటే ఆ ఇంట్లో ముందు మెరవాల్సింది ఆ గుండీలే. ఆమె భర్త అజీముద్దీన్ బ్యాండ్ మేళం మాస్టర్. పత్తి మార్కెట్ వెనక ఆ పేరు చెబితే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు.

ఆ ఇంట్లో ఒక ముచ్చట ఉంది. మేళం బయల్దేరే రోజు పొద్దున్నే మాస్టర్ వాకిట్లో నిలబడి క్లారినెట్ మీద తన పాట వాయిస్తాడు. కుబ్రా చేతిలో పని ఆపకుండా విని, “ఆఁ” అంటుంది. ఆ మాట పడ్డాకే ఆయన కోటు తొడుక్కుంటాడు. పెళ్లయిన కొత్తలో మొదలైన ఆ అలవాటు కొడుకు మునీర్‌కు మీసాలొచ్చినా తప్పలేదు.

అసలు కుబ్రా ఆయన్ను చూడకముందే విన్నది. ఆసిఫాబాద్‌లో తన పుట్టింటి గల్లీలోంచి బరాత్ ఊరేగింపు పోతుంటే పరదా వెనక నిలబడింది. క్లారినెట్ మీద ఇదే పాట పైకి ఎక్కుతూ ఎక్కుతూ ఒకచోట తెగింది. ఊపిరి చాలక వాయించే పిల్లవాడు కాస్త ఆగి, మళ్లీ అందుకున్నాడు. మేళం ఉస్తాద్ అందుకు తిట్టాడట కూడా. కుబ్రా మాత్రం ఆ ఆగిన చోటే మనసు పారేసుకుంది.

ఈ పొద్దున వాకిట్లో క్లారినెట్ లేదు. నిన్న కరీంనగర్ బస్సు టాపు మీద వచ్చిన కీబోర్డు ఉంది. పక్కన బ్యాటరీ, తోపుడుబండికి కట్టిన మైకు.

అజీముద్దీన్ వేళ్లు ఆడించాడు. డోళ్లు, ఫిడేళ్లు, ఎవరో ఈల వేసినట్టు ఇంకేదో, అన్నీ ఆ ఒక్క పెట్టెలోంచే వచ్చాయి. వాయించి, ఆశగా పెళ్లాం వైపు చూశాడు. కుబ్రా తలెత్తకుండా గుండీ తోముతూనే ఉంది.

“అమ్మీ, ఆఁ అను. జల్ది పోవాలె. విద్యాసాగర్‌రావు సారు ఇంట్ల పెండ్లి, మాపటికి బరాత్,” అన్నాడు మునీర్.

“అనను.”

“ఎందుకనవు?”

“నచ్చితే అంటరు. గిది సంతల బొమ్మ ఏడ్చినట్టున్నది. అంతా నువ్వు చేసిందే! మీ అబ్బా చేతులకెల్లి క్లారినెట్ గుంజుకున్నవు.”

“నేనేం గుంజుకోలే. పాత మేళమంటే పోరలు నవ్వుతున్నరు అమ్మీ.”

“నవ్వనియ్యి! నవ్వేటోళ్ల కోసం మారుతరా? ఇన్నేండ్ల సంది విన్నోళ్లం మేమేం గావాలె?”

అజీముద్దీన్ కీబోర్డు బంద్ చేశాడు. “పోరన్ని అనకు కుబ్రా. తెమ్మన్నది నేనే.”

కుబ్రా చేతిలోంచి కోటు జారింది. “నువ్వా? ఛాతీల నొప్పేమన్న వచ్చిందా? చెప్పు, దవాఖానకు పోదాం.”

“నొప్పి లేదు, ఏం లేదు. ఇసుగొచ్చింది. యాడికి పోయినా గా పాటనే, గట్లనే వాయించుమంటరు. జర మారిస్తే మొఖాలు మాడ్చుకుంటరు, అందరికంటె ముందు నువ్వు! దీని మీద ఏలు పెట్టంగనే చిన్నప్పటి లెక్క ఖుషీ అయింది. గది నీకు చెప్పనీకె భయమైంది.”

“నేనంటే భయమా?”

“నువ్వు మనువాడింది నన్నా, క్లారినెట్‌నా? గది తెలుస్తదని భయం.”

“క్లారినెట్ లేకుంటే నువ్వెవరో నాకేం తెలుసు!” అనేసింది కుబ్రా.

అజీముద్దీన్ సగమే తోమిన కోటు తీసి తొడుక్కున్నాడు. ఆమె “ఆఁ” లేకుండా ఆయన గడప దాటడం అదే మొదటిసారి.

పగలంతా ఆమె క్లారినెట్ పెట్టె తెరిచింది, తుడిచింది, మూసింది. తనకు నచ్చిందే ఆయనకూ నచ్చుతుందని ఇన్నేళ్లు అనుకున్నది తప్ప ఒక్కనాడూ అడగలేదు. ఆ సంగతి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది, కోపమూ పోలేదు.

పొద్దుగూకే వేళ మార్కెట్ వైపు మైకు మోగింది. పొరుగింటి శంకరవ్వ గుమ్మంలోకి వచ్చింది. “ఏందే కుబ్రా, ఇంట్లనే కూసున్నవు? మీ మాస్టర్ కొత్త మేళం జూడనీకె ఊరంత ఉరుకుతున్నది. లే!”

పోకూడదనుకుంది గానీ కాళ్లు వినలేదు. గల్లీ మలుపులో కొంగు తల మీదికి లాక్కుని నిలబడింది. బండి ముందు పోరగాళ్లు ఎగురుతున్నారు. చప్పుడుకు చెవులు దిబ్బళ్లు పడుతున్నాయి. ఎంత సర్దిచెప్పుకున్నా ఆమెకు నచ్చలేదు.

పెళ్లివారి పెద్దలెవరో అడిగారేమో, అంతలో ఆ పాత పాటే కొత్త గొంతుతో మొదలైంది. పైకి ఎక్కింది, ఇంకా ఎక్కింది, ఒకచోట తెగింది.

కీబోర్డుకు ఊపిరితో పనేముంది? వేలు నొక్కిపెడితే పొద్దంతా పలుకుతుంది. అయినా అజీముద్దీన్ వేళ్లు సరిగ్గా అక్కడే ఆగాయి. గుండెల నిండా గాలి పీల్చుకుని మళ్లీ అందుకున్నాడు. తను ఆగినట్టు ఆయనకే తెలియదు.

కుబ్రాకు దుఃఖం కట్ట తెంచుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

“ఏమైందే?” శంకరవ్వ కంగారుపడింది.

“నాకు నచ్చలే శంకరవ్వా, గీ సప్పుడు.”

“గంతమాత్రానికి ఏడుస్తరానే?”

“వాయించేటోడు నావోడే,” అంది కుబ్రా.

పాట అయిపోతుండగా “ఆఁ” అంది. మైకు హోరులో అది పక్కనున్న శంకరవ్వకే వినిపించలేదు. కుబ్రా కళ్లు తుడుచుకుని, ఎగిరే పోరగాళ్లను పక్కకు నెట్టుకుంటూ, ఆయనకు వినపడేంత దగ్గరికి నడిచింది.