నేలమాళిగలో కొట్టుకునే గుండె

ఖార్కివ్‌లో మా ఆసుపత్రి నేలమాళిగ పేరెత్తితే శవాలగది కాపలావాడు కూడా టోపీ చెవులమీదికి లాక్కునేవాడు. అక్కడ తాళం వేసిన గది ఒకటి. రాత్రయితే లోపల గుండె కొట్టుకునేది. మనిషి ఉండడు — గుండె మాత్రమే! అబద్ధమైతే నా మీసం తీయించుకుంటా.

పనాస్ ట్రాక్టర్ల కార్ఖానాలో కమ్మరి. ఒంటిచేత్తో చక్రం ఎత్తి, రెండో చేత్తో చుట్ట వెలిగించుకునేవాడు. అలాంటివాడి రొమ్ములో, గుండెనుంచి దిగే పెద్ద రక్తనాళం గుమ్మడికాయలా ఉబ్బింది.

“రొమ్ము కోయం,” అన్నాడు డాక్టరు. “తొడలోంచి స్ప్రింగుల గుడ్డగొట్టం పంపి, ఉబ్బినచోట లోపల విప్పుతాం. రేపే. అందాకా ఉలిక్కిపడకు, పరిగెత్తకు. అది పగిలిందో, ఇక మా చేతుల్లో ఏమీ ఉండదు.”

పక్కమంచం హ్నాత్ పగలబడి నవ్వాడు. “స్ప్రింగులా! రేపట్నుంచి నువ్వు సోఫావి, పనాసన్నా. అందరం నీమీదే కూచుంటాం.”

పనాస్ నవ్వలేదు. వార్డంతా నిద్రపోయాక కోటు తొడుక్కుని పారిపోదామని నేలమాళిగలోకి దిగాడు. కాపలావాళ్లు అడుగుపెట్టని దారి అదొక్కటే మరి!

కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. గోడ తడుముకుంటూ... తడుముకుంటూ... ఆ గది దాకా వచ్చాడు.

థప్... థప్... థప్...

ఆగిపోయాడు. ఉలిక్కిపడకూడదు! ఊపిరి బిగబట్టాడు. చప్పుడు పెరిగింది. రొమ్ము మీద అరచెయ్యి అదిమాడు — ఇంకా పెరిగింది.

తలుపు కిర్రుమంది. తెల్లటి ఆకారం... చేతిలో టార్చిలైటు.

“ఎవరది?” గుసగుస.

దెయ్యం కాదు. గుడ్డగొట్టాలకు స్ప్రింగులు కుట్టే ఇంజనీరమ్మ రైసా — పనాస్ కొలతలు తీసుకున్నదీ ఆమే.

“అమ్మా... లోపల... ఆ గుండె...”

“గుండేంటి బాబాయ్, పంపు! గుండె కొట్టినట్టే నీళ్లు కొడుతుంది. మీకు పెట్టబోయే గొట్టంలాంటిదే దానికి బిగించాం, ఎన్నాళ్లకు తెగుతుందో చూద్దామని. ఎండాకాలం నుంచీ చెక్కుచెదరలేదు.”

పనాస్ గోడకి చేరగిలబడ్డాడు. ప్రాణం లేచొచ్చింది.

“చంపేశావు కదమ్మా! కాసేపు దాన్ని ఆపు. చెవులు చిల్లులు పడుతున్నాయి.”

రైసా టార్చి అతని మొహమ్మీదికి తిప్పింది.

“ఆపడమేంటి? మోటారు సాయంత్రమే కాలిపోయింది. విప్పి చూద్దామని వచ్చాను... నాకేం వినపడట్లేదే!”

థప్. థప్. థప్.

ఆమె వంగి అతని రొమ్ముకి చెవి ఆనించింది. అలాగే ఉండిపోయింది... టార్చి జారి కింద పడింది.

“కదలకండి బాబాయ్. గట్టిగా ఊపిరి కూడా తీయకండి. డాక్టరుగార్ని లేపుకొస్తా. ఇది... ఇది తెల్లారేదాకా ఆగే పని కాదు, గొట్టం ఇప్పుడే వెయ్యాలి.”

పారిపోదామని వచ్చిన మనిషి చీకట్లో ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“పోకమ్మా,” అన్నాడు పెదాలు కదపకుండా. “ఈ చప్పుడుతో... నన్నొక్కణ్ణీ వదిలి పోకు.”