జవాబు బాకీ

షాహీనా తనను మోసం చేసిందా, లేదా?

నజీరుద్దీన్ ఈ అనుమానాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాడు. తెనాలిలో అందరికీ అతను కంప్యూటర్లు బాగుచేసే షాపు ఓనరు. నిజానికి ఇంటెలిజెన్స్ ఏజెంటు. రోజూ తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక దుఆకి చేతులెత్తితే అమ్మ పేరు, నాన్న పేరు, పోయిన స్నేహితుల పేర్లు వరసగా వస్తాయి. షాహీనా పేరు దగ్గర నాలుక ఆగిపోతుంది. దేశాన్ని అమ్ముకున్న మనిషి కోసం దుఆ చేయవచ్చా? అమ్ముకుందో లేదో తెలియకపోతే? అల్లాకు తెలుసులే అని ఆ పేరు మింగేసి, చేతులు ముఖానికి రాసుకుని లేచిపోతాడు.

ఇద్దరూ ఒకే టీములో పనిచేశారు. నిఖా కూడా ఖాయమైంది. అంతలో ఆమె విదేశీ ముఠాలో చేరిపోయింది. వాడరేవు ఒడ్డున నల్ల కళ్లద్దాలు, ఆకుపచ్చ దుపట్టాతో ముఠా పడవ ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "అస్సలాము అలైకుం" అంది. సలాముకి జవాబివ్వడం విధి అని చిన్నప్పుడే నేర్చుకున్న మనిషి, పళ్లు బిగించి నిలబడ్డాడు.

"నాకు జవాబు బాకీ పడ్డారు, నజీర్," అని నవ్వి ఎక్కేసింది.

ఆ నవ్వు ఎగతాళో, ఏడుపో కళ్లద్దాలు తెలియనివ్వలేదు.

ఏళ్లు గడిచాక, ఒక గురువారం మధ్యాహ్నం తెనాలి స్టేషన్‌లో అరటిపళ్ల బుట్ట పెట్టుకున్న ఒక పెద్దాయన అతన్ని పలకరించాడు.

"ఈ బండి వేమూరులో ఆగుతుందాండి?"

"ఆగుతుందండి. దిగేవాళ్లే లేరు."

కోడ్ సరిపోయింది. బుట్ట వెనకున్నది చీఫ్ మోహనకృష్ణ.

"రేపల్లెలో ప్రశాంతి అని ఒకమ్మాయి ఉంది. తీరం కాపలా పడవలు ఏ దారిన వెళ్లాలో ఇంటి నుంచే చార్టు గీస్తుంది. ఇవాళ నాలుగింటికి చార్టు పంపుతుంది. అదే నిమిషంలో ఆ కంప్యూటర్‌లోంచి ఇంకో కాపీ ముఠాకి వెళ్లబోతోంది."

"నెట్ పీకేస్తే?"

"చార్టు అందకపోతే పడవలు పాత దారిన పోతాయి. అక్కడ వాళ్లు కాపు కాసి ఉన్నారు. మన కుర్రాళ్లు ఒక్కరూ మిగలరు."

చీఫ్ ఒక పెన్ను చేతిలో పెట్టాడు. మూత తీస్తే పెన్ డ్రైవ్. "ఖరీదైన ఫైర్‌వాల్. ఇది పెట్టెయ్."

"ఉన్నదాని మీద ఇంకోటి పెడితే రెండూ కొట్టుకుంటాయి సార్. పాతది తీసి పెడదామంటే ఆ సందులో తలుపు బార్లా తెరిచి ఉంటుంది. ఉన్నదాన్నే సరిగ్గా సెట్ చేస్తాను."

"నీ ఇష్టం." చీఫ్ పళ్లు సర్దాడు. "ఆ ఇంటికి షాహీనా వెళ్తుండేది."

"బతికే ఉందా?"

"బండి కదుల్తోంది. ఎక్కు."

కంప్యూటర్ మెకానిక్ వేషానికి నజీర్ కొత్తగా వేసుకోవాల్సిందేమీ లేదు. రేపల్లెలో ప్రశాంతి తల్లి శేషారత్నం తలుపు తీసి, ముందు మజ్జిగ ఇచ్చి, ఆ తర్వాత ఎవరని అడిగింది.

"కంప్యూటర్ చూడ్డానికి వచ్చానమ్మా."

"చూడు నాయనా. అది ఊరికే ఏదో ఒకటి అడుగుతా ఉంటది. నేనే ఆకుపచ్చది నొక్కుతుంటా."

"అమ్మా!" ప్రశాంతి గదిలోంచి బయటికొచ్చింది. "నేను లేనప్పుడు ముట్టుకోవద్దన్నానా?"

"గుమ్మంలోకొచ్చి అడుగుతుంటే వద్దని ఎట్టా అంటామే? పొద్దున కూడా ఏదో వచ్చింది. పొమ్మంటే ఏం బాగుంటది?"

నజీర్ ఫైర్‌వాల్ తెరిచాడు. లిస్టు నిండా పచ్చటి అలౌ గుర్తులే. పొద్దున వచ్చినది ప్రింటర్ అప్‌డేట్ పేరుతో ఉంది.

"మీకు ప్రింటర్ ఉందా అమ్మా?"

"లేదండి," అంది ప్రశాంతి. ఆమె ముఖం పాలిపోయింది.

అన్నిటికంటే అడుగున ఒకే ఒక్క ఎర్ర గుర్తు. అది పాత దొంగ ప్రోగ్రాం. ఎవరో తమ చేత్తోనే దాన్ని ఇందులో పెట్టి, బయటికి పోయే దారి మాత్రం మూసేశారు. రెండేళ్లుగా అది లోపల కూర్చుని చార్టులన్నీ చూసింది. ఒక్కటీ పంపలేకపోయింది.

"ఇది ఎవరు పెట్టారు?"

"సుల్తానా మేడం అండి. కంప్యూటర్ నేర్పడానికి వచ్చేవారు."

"నల్ల కళ్లద్దాల పిల్ల," అంది శేషారత్నం. "దుపట్టా ఎప్పుడూ ఆకుపచ్చదే. ఎంత చక్కగా ఉండేదో! ఒకరోజు ఈ కుర్చీలోనే కళ్లద్దాలు తీసి ఏడ్చింది. ఎందుకమ్మా అంటే, ఒకాయన పలకలేదత్తా అంది."

నాలుగు కావస్తోంది. సెట్టింగులు మార్చబోతే పాస్‌వర్డ్ అడిగింది.

"అలౌకి అక్కర్లేదండి, మార్చాలంటేనే కావాలి," అంది ప్రశాంతి. "మేడం మాకు చెప్పలేదు. గుర్తు కోసం ఒక మాట పెట్టారు. అది మాకు అర్థం కాలేదు."

తెర మీద ఆ మాట కనిపించింది. జవాబు బాకీ.

ఆ రోజు ఇవ్వని జవాబును ఒక్కొక్క అక్షరమే టైపు చేశాడు. వఅలైకుం అస్సలాం. తాళం తెరుచుకుంది.

పచ్చగుర్తులన్నీ చెరిపేశాడు. అనుమతి లేకుండా ఏదీ బయటికి పోకూడదని పెట్టాడు. చార్టు ప్రోగ్రాం ఒక్కదానికే, పడవల అడ్రసుకి మాత్రమే దారి ఇచ్చాడు.

"పంపండి!"

ప్రశాంతి నొక్కింది. చార్టు వెళ్లింది. ఆ వెంటనే తెర మీద పెట్టె లేచింది: ప్రింటర్ అప్‌డేట్ బయటికి వెళ్లాలట, పంపమంటారా?

అలవాటు కొద్దీ శేషారత్నం మౌస్ అందుకుని బాణాన్ని ఆకుపచ్చ దాని మీదికి తెచ్చింది. నొక్కబోతుండగా నజీర్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఈ ఒక్కదాన్ని వద్దనండమ్మా."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "ఏమనుకోకు నాయనా," అని కంప్యూటర్‌కి చెప్పి, ఎర్రది నొక్కింది.

వీధిలోకి వచ్చాక అతని చెవిలోని బుల్లి మిషన్‌లో చీఫ్ గొంతు. "పడవలు కొత్త దారి పట్టాయి. భేష్."

"షాహీనా ఎవరి మనిషి సార్?"

"మన మనిషే. మొదటి నుంచీ. నీకు తెలిస్తే నీ ముఖం చూసి వాళ్లు కనిపెట్టేస్తారని చెప్పలేదు. ఆ ఎర్ర గుర్తు ఆమే పెట్టిందని వాళ్లకి తెలిసిపోయింది, నజీర్. అందుకే కొత్త ప్రోగ్రాం పంపారు."

"ఆమెను?"

"బాపట్ల ఖబరస్తాన్‌లో ఉంది. సుల్తానా పేరు మీదే ఖననం చేశారు. పోయిన నెల."

పోయిన నెలంతా కూడా రోజూ పొద్దున్నే ఆ పేరు మింగేశాడు.

బాపట్లలో బస్సు దిగేసరికి ఎండ వాలింది. ఖబరస్తాన్ గోడ పక్కన మట్టి ఇంకా కొత్తగా ఉంది. ఎవరో ఒక మల్లె కొమ్మ గుచ్చి పోయారు. అది ఎండిపోయింది. నజీర్ చెప్పులు విడిచి, తల మీద టోపీ సర్దుకుని, ఆ మట్టి పక్కన కూర్చున్నాడు. దుఆకి చేతులెత్తి మొట్టమొదట ఆమె పేరు చెప్పాడు. ఆమె అసలు పేరు.

అప్పుడు నోరు తెరిచి, పక్క సమాధులకు కూడా వినిపించేలా అన్నాడు.

"వఅలైకుం అస్సలాం, షాహీనా."

ఆలస్యంగా వెళ్లిన ఆ ఒక్క మాటని మాత్రం ఏ ఫైర్‌వాలూ ఆపి, పంపమంటారా అని అడగలేదు.