రెండో కొస

ఆసుపత్రి లాండ్రీలో నాది మడతల పని. పెద్ద దుప్పటి ఒక్కరి వల్ల కాదు. ఇద్దరు చెరో కొస పట్టుకుని, గట్టిగా విదిలించి, ఒకరికొకరు ఎదురు నడవాలి. ఒక్కో మడతకీ దగ్గరవుతాం. ఆఖరి మడతకి చేతులు కలుస్తాయి. మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఇంట్లో ఒక్క దుప్పటి కొస పట్టుకున్న పాపాన పోలేదు. ఆయన పోయాక ఈ పనిలో చేరాను.

అప్పట్లో మా దగ్గర ఒక పిల్ల ఉండేది. తెగ నవ్వేది. గలగల అని పిలిచేవాళ్ళం. దుప్పట్ల లెక్క చూసే స్టోరాయన చెయ్యి పట్టుకున్నాడని ఒకరోజు ఏడుస్తూ వచ్చింది. మా మీద అజమాయిషీ పెద్దక్కది. "అంతలా ఇకిలిస్తే పట్టుకోడా మరి" అంది. ఇస్త్రీ చేసే వదినేమో, "మమ్మల్నెవరూ పట్టుకోలేదే, నిన్నే ఎందుకు పట్టుకున్నాడో" అంది.

నేనేమీ అనలేదు.

ఆ రోజు నుంచి దాని దుప్పటికి రెండో కొస ఎవరూ పట్టలేదు. నేనూ పట్టలేదు. తలుపు గడియకి తగిలించి ఒక్కతే తంటాలు పడేది. నెల తిరక్కుండా చచ్చిపోయింది. జ్వరం అన్నారు వాళ్ళింట్లో. మేమూ జ్వరమనే అనుకున్నాం. అలా అనుకుంటే తేలిక.

ఈ మధ్యే నా కూతురు చిన్నిని అదే పనిలో పెట్టించాను. ఒకరోజు సాయంత్రం అది దుప్పట్ల కట్ట ఇచ్చి రావడానికి స్టోరుకి వెళ్ళింది. మిగతావాళ్ళు ఇళ్ళకి పోయారు. వదిన రాలేదని ఇస్త్రీ కూడా నేనే చేశాను. ఇంకొక్క దుప్పటి ఉందనగా కరెంటు పోయింది. సబ్బు వాసన, మాడిన బట్ట వాసన. ఎక్కడో కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది.

ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. గడియకి తగిలిద్దామని దుప్పటి విదిలించాను.

అవతల కొస ఎవరో పట్టుకున్నారు.

"వచ్చావా చిన్నీ?"

దుప్పటి బిగుసుకుంది. అడ్డంగా తెల్లటి బట్ట... దాని వెనక ఏదో నల్లగా.

మొదటి మడత. ఒక అడుగు దగ్గరికొచ్చింది.

"అంతలా ఇకిలిస్తే పట్టుకోడా మరి..."

పెద్దక్క గొంతు. పెద్దక్క ఎప్పుడో ఇంటికెళ్ళిపోయింది.

వదిలేద్దామంటే వేళ్ళు విడిపడలేదు. రెండో మడత.

"నిన్నే ఎందుకు పట్టుకున్నాడో..."

వదిన గొంతు. ఇంకా దగ్గరికి... తడి జుట్టు వాసన.

మూడో మడత.

"నువ్వే ఏదో చేసుంటావే, చిన్నీ..."

అది నా గొంతు. దగ్గుతో సహా నాదే. ఆ మాట నేనెప్పుడూ అనలేదు.

ఆఖరి మడత. చేతులు కలిశాయి. మంచుగడ్డ పట్టుకున్నట్టయింది.

కరెంటు వచ్చింది. దుప్పటి నా చేతుల్లో ఉంది, అంచులన్నీ చక్కగా కలిసి. ఎదురుగా ఎవరూ లేరు. గుమ్మంలో చిన్ని. భుజం దగ్గర జాకెట్టు కుట్లు ఊడిపోయాయి.

"స్టోరాయనా?"

తలూపింది.

ఏం దాచను, ఆ మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"పద, పెద్ద డాక్టరమ్మ దగ్గరికి. ఇప్పుడే తేల్చుకుందాం."

అది కదల్లేదు. "ఇందాక అంత మాట అని, ఇప్పుడు రమ్మంటావేంటమ్మా?"

"ఏమన్నాను?"

"స్టోరు తలుపు లోపల్నుంచి కొట్టి నిన్నే కదా పిలిచాను. అవతలే నిలబడి అన్నావు... నేనే ఏదో చేసుంటానని."

"నేను కాదే."

మొహం తిప్పేసుకుంది.

చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. మర్నాడు పెద్దక్కనీ వదిననీ కూడా తీసుకెళ్ళి గలగల సంగతి చెప్పించాను. వాళ్ళకి నా మీద కోపం ఇంకా తగ్గలేదు. తగ్గకపోతే మానె. స్టోరాయన ఉద్యోగం ఊడింది.

ఇప్పుడు ఇస్త్రీ పనీ నాదే, చిన్నితో దుప్పటి మడతపెట్టేదీ నేనే. ఆ మాట అన్నది నేను కాదంటే మాత్రం ఈరోజుకీ నమ్మదు. ఎదురు నడిచొస్తుంది గానీ నా మొహం చూడదు. ఆఖరి మడతలో నా చెయ్యి తగలగానే ఉలిక్కిపడి లాక్కుంటుంది.

"నీ చేతులేంటమ్మా ఇంత చల్లగా?"

నేను వచ్చేది ఇస్త్రీపెట్టె దగ్గర్నుంచి. నా చేతులు ఎప్పుడూ కాలుతూనే ఉంటాయి.