ఎల్లస్వామి తినని కోడికూర

"ఇద్దరు ఒకటే ఇంటికి పోయిండ్రా, చెరో ఊరికి పోయిండ్రా?"

రాజేశ్వర్ రావు సార్ రెండు రిపోర్టులు రెండు చేతుల్లో పట్టుకుని అడిగేసరికి క్లాసంతా గొల్లున నవ్వింది. వరంగల్ మెడికల్ కాలేజీలో చదివే ఆ పిల్లలకు ఇద్దరిద్దరికి ఒక కుటుంబాన్ని అప్పగించారు. అప్పుడప్పుడు ఆ ఇంటికి వెళ్లాలి, రోగి ఎలా ఉన్నారో చూడాలి, ఇంటివాళ్లతో మాట్లాడాలి, వచ్చి రిపోర్టు రాయాలి. సార్ చీటీలు తీస్తే విమలకు కేసముద్రం దిక్కు పల్లెటూరి ఎల్లస్వామి జతపడ్డాడు. ఎనుమాముల మార్కెట్లో మిరపకాయలకు తొడిమలు తీసే సోమక్క ఇల్లు వాళ్ల వంతుకొచ్చింది. సోమక్కకు టీబీ.

విమల రిపోర్టులో ఆ ఇంటి గోడలు, కిటికీ, మురుగుకాల్వ, బావి ఎంత దూరం, అన్నీ ఉన్నాయి. ఎల్లస్వామి రిపోర్టులో సోమక్క జొన్న గటక పెట్టిందనీ, మిరపకాయ తొక్కు అదిరిపోయిందనీ ఉంది. అదీ వచ్చీరాని ఇంగ్లీషులో.

"విమలా, నువ్వు ఇల్లు చూసొచ్చినవ్, మనిషిని చూడలే. ఏమయ్యా ఎల్లస్వామీ, నువ్వు విజిట్‌కు పోయినవా, దావత్‌కు పోయినవా? మీకేమనిపించింది, ఏం నేర్చుకున్నరు, అది రాయుండ్రి. ఇగ నుంచి ఇద్దరికీ ఒకటే రిపోర్టు."

విమలకు తల కొట్టేసినట్టయింది. ఎప్పుడూ ఫస్టొచ్చే పిల్లను మళ్లీ రాసుకురమ్మనడం అదే మొదలు. ఆ కోపం వరండాలో ఎల్లస్వామి మీద చూపించింది.

"పేషెంట్ ఇంట్ల తినొద్దని సార్ చెప్పిండు కదా. నీకు చెవులు లేవా?"

"చెవులున్నయ్. ఆకలి గూడ ఉన్నది."

"నీకంతా నవ్వులాటే!"

"నవ్వులాట కాదు విమలా. పెట్టింది తినకుంటే ఆ ఇంటిని కాదన్నట్టే. ఆమె చేతి గటక మనం తినకుంటే మన చేతి గోలీలు ఆమె ఎందుకు మింగుతది?"

విమల విసవిసా మెట్లు దిగి వెళ్లిపోయింది. కోపం రెట్టింపయింది.

కానీ మరుసటి విజిట్‌లో సంగతి తేలిపోయింది. కడుపులో మండుతాందని సోమక్క గోలీలు మానేసి, డబ్బా చూరులో దోపింది. విమల ఎంత చెప్పినా "ఆఁ, ఆఁ" అనడమే తప్ప కదల్లేదు. చివరికి విమల కూడా చాప మీద కూర్చుని, "నాకూ జర పెట్టు సోమక్కా" అంది. మిరపకాయ తొక్కు నాలుకకు తగలగానే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎల్లస్వామి నవ్వుతూ నీళ్ల చెంబు అందించాడు. సోమక్క కూడా నవ్వి, చూరులోంచి డబ్బా తీసి, వాళ్ల ఎదుటే గోలీలు మింగింది.

ఆ రోజు సైకిల్ తొక్కుకుంటూ ఇంటికి వచ్చేదాకా విమల నోరు మండుతూనే ఉంది. మనసు మాత్రం చల్లగా ఉంది. ఈ పల్లెటూరి పిల్లాడు తనకు నచ్చుతున్నాడన్న సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.

రిపోర్టులు ఆదివారం మధ్యాహ్నాలు విమల వాళ్లింట్లో రాసుకునేవారు. ఎల్లస్వామి తెలుగులో చెప్పేవాడు, విమల ఇంగ్లీషులో పెట్టేది. విమల తండ్రి సుందర్ రావు మిషన్ స్కూల్లో హెడ్మాస్టరు. తల్లి దీనమ్మ చర్చి నుంచి రాగానే కోడికూర వండేది. ఆ మసాలా వాసనకు వీధిలో పోయేవాళ్లు కూడా ఒక్క అడుగు ఆగేవారు.

"బాబూ, రా, తిందువుగని."

"వద్దాంటీ. ఇప్పుడే తినొచ్చిన."

తర్వాతి ఆదివారం కడుపునొప్పి. ఆ తర్వాత ఒక్కపొద్దు. సాకులు మారాయి గానీ ఎల్లస్వామి మెతుకు ముట్టలేదు. చాయ్ తాగలేదు. చివరికి మంచినీళ్లు కూడా తీసుకోలేదు.

ఒక ఆదివారం విమల కిటికీలోంచి చూసింది. వాళ్ల గేటు దాటిన ఎల్లస్వామి వీధి చివర బోరింగు దగ్గర ఆగాడు. ఒక చేత్తో కొట్టుకుంటూ, ఇంకో చేత్తో పట్టుకుని, కరువు తీరా తాగాడు.

విమల కిటికీ రెక్క వేసేసింది. పెట్టింది తినకుంటే ఆ ఇంటిని కాదన్నట్టే అన్నది ఇతనే. చర్చికి వెళ్లేవాళ్ల ఇంట్లో నీళ్లు కూడా ముట్టని మనుషులు ఆమెకు కొత్త కాదు. వాళ్లను పట్టించుకోకుండా ఉండటం చిన్నప్పుడే అలవాటైంది. ఇతని విషయంలో మాత్రం పట్టించుకోకుండా ఉండలేకపోయింది.

"వచ్చే విజిటే మనిద్దరికీ ఆఖరుది," అంది మర్నాడు. "సార్‌కు చెప్పి నా జత మార్పించుకుంట."

ఎల్లస్వామి మొహం వాడిపోయింది. "ఎందుకు?"

"నీకెరుకే."

"నాకు తెల్వది విమలా."

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ విజిట్ రోజు ముసురు పట్టింది. సోమక్క ఇంటి అరుగు మీద ఇద్దరూ ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చున్నారు. సోమక్క వాళ్లిద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏందే బిడ్డా, మూతి గట్ల ముడుచుకున్నవ్? కొట్లాడుకున్నరా?"

ఆ మాత్రం అడిగేవాళ్లు దొరికితే చాలన్నట్టు విమల గడగడా చెప్పేసింది. "మీ ఇంట్ల తింటడు సోమక్కా. మా ఇంట్ల తినడు. మా అమ్మ ఎన్నిసార్లు పిలిచినా తినడు. బజార్ల బోరింగు కాడికి పోయి నీళ్లు తాగుతడు. మేము చర్చికి పోయెటోళ్లం కదా!"

ఎల్లస్వామి ఉలిక్కిపడి లేచాడు. "అయ్యో, నువ్వు గట్లనుకున్నవా?"

"ఇంకెట్ల అనుకోవాలె?"

"నిజమేనారా కొడుకా?" సోమక్క గొంతు పెంచింది. "ఎందుకు తినవ్?"

ఎల్లస్వామి వానను చూశాడు, తన చెప్పులను చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మా దిక్కు ఒక పద్ధతున్నది. ఏ పిల్లనైతే చేసుకోవాలనుకుంటమో ఆ పిల్ల ఇంట్ల మాట ఖాయం కాకముందు తినొద్దంటరు. తింటే సంబంధం కుదరదంటరు."

సోమక్కకు ముందు అర్థమైంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. "నా దగ్గుకు ఫికర్ చెయ్యకుండ్రి, మీరు మాట్లాడుకోండ్రి," అని లోపలికి వెళ్లిపోయింది.

విమల తల వంచుకుని అడిగింది. "ఎప్పట్నుంచి?"

"మొదటి ఆదివారం మీ గేటు కాడ నిలబడ్డప్పట్నుంచి."

"నన్ను అడగకుండనే ఖాయం చేసుకున్నవా?"

"ఖాయం కాలే. అందుకే తినలే."

"నీళ్లు గూడనా?"

"నీళ్ల సంగతి నాకు సరిగ్గ తెల్వది. ఎందుకైనా మంచిదని బంద్ పెట్టిన."

విమలకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఇన్ని ఆదివారాలు తను కుమిలింది ఇందుకా! అరుగు మీద జరిగి అతని పక్కన కూర్చుంది. "నాకు ఇష్టమే," అంది సూటిగా. "మా నాయన ఒప్పుకోకుంటే?"

"ఒప్పుకునేదాక బోరింగు నీళ్లే."

ఈసారి రిపోర్టు చదివి రాజేశ్వర్ రావు సార్ కళ్లద్దాలు తీశారు. "ఒక మనిషి ఎందుకు వద్దంటున్నరో మనమే అనుకోవద్దు, అడగాలె అని రాసిండ్రు. బాగున్నది. సోమక్క గోలీల గురించేనా ఇది?"

"సోమక్క ఇంట్లనే నేర్చుకున్నం సార్," అంది విమల. ఎల్లస్వామి కిటికీలోంచి బయటికి చూశాడు.

తర్వాతి ఆదివారం అతను ఊరి నుంచి నేరుగా వచ్చాడు. చేతిలో తల్లి ఇచ్చిన పల్లికాయ సంచి. సుందర్ రావు ఎదుట నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

సుందర్ రావు చేతిలోని పేపరు మడిచి పక్కన పెట్టాడు. "మీ ఇంట్ల ఏమంటరు?"

"అవ్వ ఒప్పుకున్నది సార్. ఉత్త చేతులతోటి పోకుమని ఈ పల్లికాయ పంపింది. బాపు ఇంకా నాతోటి మాట్లాడ్తలేడు. మాట్లాడుతడు."

"మా పిల్ల చర్చి మానదు."

"మానొద్దు సార్."

విమల తలుపు పట్టుకుని నిలబడింది.

దీనమ్మ వంటింట్లోంచి గరిటెతోనే వచ్చింది. "ఏమండీ, ఇన్ని ఆదివారాలు నా కూర వాసన చూసుకుంట ఈ పిల్లగాడు తినకుండ కూచున్నడు. గింత ఓపికున్న అల్లుడు మీకు వరంగల్‌ల యాడ దొరుకుతడు?"

సుందర్ రావు పెదవుల చివర చిన్న కదలిక కనిపించింది. "చదువు అయిందాక పెళ్లి మాటెత్తొద్దు, ఇద్దరూ," అన్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"విమలా, ప్లేటు పెట్టు."

ఎల్లస్వామి మూడుసార్లు పెట్టించుకున్నాడు. మధ్యలో పొలమారితే విమల గ్లాసు అందించింది.

"మా అవ్వను అడిగిన," అన్నాడతను నీళ్లు తాగి, సిగ్గుపడుతూ. "నీళ్లకు పట్టింపు లేదురా పిచ్చోడా అని నవ్వింది."