లెక్కపెట్టని పిల్లలు

యుద్ధమేమో ఎక్కడో ఉత్తరాన సరిహద్దులో. దాని మోత మాత్రం పుత్తూరు పక్క పల్లెలో, లోకేశ్వరి వంటింట్లో మోగింది. టీవీలో బాంబులు చూపించిన మర్నాడే బెంగళూరు నుంచి మరిది భానుచందర్ పిల్లల్ని తెచ్చి దించాడు. వాడి వెనకే హైదరాబాదు ఆడపడుచు. ఆమె వెనక ఇంకెవరో దాయాదులు. "పల్లెలో అయితే భద్రం వదినా" అనడం, పిల్లల్నీ సంచుల్నీ వాకిట్లో వదిలి కారు తిప్పుకోవడం. భద్రం వాళ్లది, చాకిరీ లోకేశ్వరిది. మొగుడు గుణశేఖర్ మామిడి కోతలని తోటలోనే పడుకునేవాడు.

కరువులో అధికమాసం లాగా, పొద్దుగూకితే ఊళ్లో దీపాలార్పమన్నారు. ఆ చీకట్లోనే లోకేశ్వరి పిల్లల్ని వసారాలో గుండ్రంగా కూర్చోబెట్టి, బేసిన్లో పెరుగన్నం కలిపి, చాచిన ప్రతి చేతిలో ముద్ద పెట్టుకుంటూ పోయేది. ఎంత కలిపినా చాలేది కాదు. ఎవరో దొంగముద్ద తింటున్నారని ఆమెకు రోజూ చిరాకే.

"ఎంతమంది ఉండారో ఒకసారి లెక్కపెడతాను అత్తా."

"పిల్లోళ్లను లెక్కపెట్టగూడదు మే! దిష్టి తగుల్తుంది" అని అత్త శకుంతలమ్మ కసిరింది. ఆ ఇంట్లో కోడిపిల్లల్ని కూడా లెక్కపెట్టరు.

ఆ సాయంత్రం ఆకు కదల్లేదు. ఉక్క. పెరుగు వాసన, పిల్లల చెమట వాసన. వాటి మధ్య ఇంకేదో... పాత ట్రంకుపెట్టె తెరిచినట్టు కలరా ఉండల వాసన. లోకేశ్వరి చీకట్లో చేతులు తడుముకుంటూ ముద్దలు పెడుతోంది. జిడ్డు చెయ్యి. మట్టి చెయ్యి. తన కూతురు, ఏడేళ్ల రూపశ్రీ గాజుల చెయ్యి.

తర్వాతి చెయ్యి... చల్లగా ఉంది. కడవలో నీళ్లంత చల్లగా.

"ఎవురే నువ్వు?"

"నేనే..."

"ఎవురి బిడ్డవు?"

"అమ్మ ఈడ ఉండమనింది... యుద్ధమైపోతే వచ్చి పిలుచుకోని పోతాననింది..."

లోకేశ్వరికి ఒళ్లు మండింది. రోజంతా అందరూ పాడే పాటే ఇది. "వస్తుందిలే. అందాకా నేనే మీ అమ్మ అనుకో. నోర్మూసుకోని తిను!"

అంతమంది పిల్లలు, ఒక్క చప్పుడూ లేదు. ఆమె ఫోన్లో లైటు వేసింది. ఇటు రూపశ్రీ, అటు హైదరాబాదు పిల్ల. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత జాగా, ఖాళీగా.

"ఎందుకే అట్ల జరిగి కూసున్నారు?"

"ఆ పాపకు చోటు" అంది రూపశ్రీ.

పిల్లలు పడుకున్నాక శకుంతలమ్మ గుసగుసగా చెప్పింది. "మా అత్త చెప్పేది మే. జపానోడు బాంబులేస్తాడని మద్రాసు కాలీ అయినప్పుడు ఈ ఇంటికీ పిల్లోళ్లొచ్చినారంట. తర్వాత అందర్నీ పిలుచుకోని పోయినారు. ఒక్క ఆడబిడ్డకు మాత్రం ఎవురూ రాలా. జొరమొచ్చి ఈడనే పోయింది."

"ముందే యాల చెప్పలేదు?"

"చెప్తే నువ్వు లెక్కపెడతావు. సరే, ఆ బిడ్డతో నువ్వేమన్నావు?"

అందాకా నేనే మీ అమ్మ అనుకో అన్నానని లోకేశ్వరి చెప్పింది. ముసలామె చీకట్లో తడుముకుని రూపశ్రీ తల మీద చెయ్యేసింది.

"నీ బిడ్డను కనిపెట్టుకో. ఒక ఒడిలో ఇద్దరికి చోటుండదు."

ఆ రాత్రి నుంచి లోకేశ్వరి తన కొంగు కూతురి పావడాకు ముడేసుకుని పడుకునేది. పగలు కూడా పక్కనుంచి కదలనివ్వలేదు. భయం సగం, కోపం సగం. వచ్చి మీ పిల్లల్ని తీసుకుపొమ్మని ఫోన్లో మొత్తుకుంటే, "ఇంకా రెండు రోజులు ఆగు వదినా" అన్నారు అందరూ. వాళ్లకేం తెలుసు? ఆమె ఎవరితో చెప్పుకుంటుంది? చెబితే పిచ్చి పట్టిందంటారు.

చివరికి యుద్ధం ఆగిందన్నారు. ఆ మధ్యాహ్నమే కార్లన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. సంచులు, ఏడుపులు, తప్పిపోయిన చెప్పులు, డిక్కీల్లోకి మామిడికాయల బస్తాలు. ఆ గందరగోళంలో రూపశ్రీ కాసేపు కంటికి కనిపించలేదు. కార్లు పోయాక చూస్తే వసారాలో కూర్చుని ఉంది. లోకేశ్వరి గట్టిగా హత్తుకుంది. పీడ వదిలిందనుకుంది.

పొద్దు గూకేసరికి గాలి లేచి కరెంటు పోయింది. ఇన్నాళ్లకు ఇల్లు నిమ్మళంగా ఉంది. కూతుర్ని ఒడిలో కూర్చోబెట్టుకుని అన్నం తినిపిస్తోంది. ఫోను మోగింది. భానుచందర్.

"వదినా, కంగారుపడొద్దు. రూపశ్రీ మా కారెక్కేసింది. పలమనేరు దాటినాక సూసినాము, సీట్ల సందులో ముడుసుకోని ఉండాది."

లోకేశ్వరి చెయ్యి ఆగిపోయింది.

"ఏమడిగినా ఒకటే మాట చెప్తా ఉండాది వదినా..."

"ఏమని?"

"మా అమ్మకు వేరే పాప ఉండాది, ఆ పాప నన్ను పొమ్మనింది అని."

ఫోన్లో వెక్కిళ్లు. "అమ్మా..." రూపశ్రీ గొంతు.

ఒడిలోని పిల్ల నమలడం ఆపింది.

"ఎవురమ్మా ఫోన్లో?"

అదీ రూపశ్రీ గొంతే.

అప్పుడే కరెంటొచ్చింది. లోకేశ్వరి కళ్లు గట్టిగా మూసుకుంది.