రైలు జడ

కూర్చున్నారా అందరూ? చిన్నపిల్లల్ని కాస్త ఒళ్ళోకి లాక్కోండి. భయపెట్టడానికి కాదులెండి. పుదుచ్చేరి గుళ్ళో మణక్కుళ వినాయకుడు మనల్ని కాస్తూనే ఉంటాడు, ఆ నమ్మకం నాకుంది. కానీ ఈ కథ వినేటప్పుడు మన వీపు వెనక తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే మంచిది.

విశాలాక్షిది పుదుచ్చేరి పెద్ద మార్కెట్టు వెనక వీధి. తాతల నాటి బట్టల కొట్టు. నలభై దాటిన మనిషి, శుక్రవారం గుడి తప్పని మనిషి. మొగుడు సీతాపతి ఈ ఏడు తట్టాంచావడి దగ్గర రెండో కొట్టు తెరిచాడు. ఇద్దరూ చెరొక కొట్లో పొద్దస్తమానం నిలబడితే, పన్నెండేళ్ళ జనని ఇంట్లో ఒక్కతే మిగిలిపోతోంది. "నేను చదివిన హాస్టల్ బళ్ళోనే వేద్దాం" అంది విశాలాక్షి. అట్లా జూన్ నెలలో ఒక సాయంత్రం తల్లీకూతుళ్ళు పెట్టె పట్టుకుని సముద్రం వెంట పోయే ఈసీఆర్ రోడ్డు బస్సెక్కారు. కాలాపేట దాటాక, సముద్రం పక్కన ఉంటుంది ఆ బడి.

దారి పొడుగునా విశాలాక్షి నోరు మూతపడలేదు. పౌడరు డబ్బాలో దాచుకుని తిన్న ఆవకాయ. వార్డెన్ నడకను అనుకరించి పట్టుబడిన రోజు. పడుకుంటే తలకింద దిండులోంచి వినిపించినట్టుండే సముద్రం హోరు.

"అమ్మా, ఆవకాయ కథ మూడోసారి చెప్తా ఉండావు" అంది జనని.

"నాలుగోసారి కూడా చెప్తా, విను. అన్నిటికన్నా బాగుండేది ఏందో తెల్సా? రైలు జడ."

సాయంత్రం దీపం పెట్టాక పిల్లలందరూ దువ్వెనలు తెచ్చుకుని వరండాలో ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు. ప్రతి పిల్లా తన ముందున్న పిల్లకి జడ వేస్తుంది. అందరికన్నా ముందు కూర్చున్న పిల్ల ఇంజను. చిట్టచివరి పిల్ల గార్డు. కొత్తగా చేరిన పిల్లే ఎప్పుడూ గార్డు.

"అయితే గార్డుకి ఎవురేస్తారు?"

"ఇంజను. అందరిదీ అయినాక ఇంజను లేచి వెనక్కి పోయి గార్డుకి వేస్తాది. అందాకా గార్డు లేవకూడదు. దీపం పెట్టినాక జుట్టు విరబోసుకోని తిరిగితే ఆయా ఊరుకోదు."

"నువ్వు ఇంజనుగా ఉన్నావా?"

విశాలాక్షి కిటికీలోంచి బయటికి చూసింది. "ఉన్నా" అంది. స్టాపు వచ్చేదాకా మళ్ళీ మాట్లాడలేదు.

ఎందుకు మాట్లాడలేదో మీకు చెప్తాను. తను అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు. కట్టుకున్నవాడికి కూడా.

విశాలాక్షికి పదిహేనేళ్ళప్పుడు కిరుమాంబాక్కం నుంచి తిలకవతి అని ఒక పిల్ల కొత్తగా వచ్చింది. రైతుల పిల్ల. మోకాళ్ళ దాకా జుట్టు. వాళ్ళ అవ్వ నేర్పిందట, నాలుగు పాయల జడ వేసేది. హాస్టల్ మొత్తంలో ఆ జడ దానికొక్కదానికే వచ్చు. ఒక వానాకాలం సాయంత్రం తిలకవతి గార్డు, విశాలాక్షి ఇంజను. సరిగ్గా లేచి వెనక్కి పోవాల్సిన వేళకి, "మీ నాయన గేటు కాడ ఉండాడు" అని వాచ్‌మన్ పిలిచాడు. "ఇదో వచ్చేస్తా తిలకా, నేను వచ్చిందాకా కదలొద్దు" అని విశాలాక్షి పరిగెత్తింది. నాయన జాంగ్రీలు తెచ్చాడు. భోజనాల గదిలో స్నేహితులతో కలిసి తింటూ నవ్వుతూ మర్చిపోయింది. గాలివాన వచ్చింది. పిల్లలందరూ లోపలికి ఉరికారు. తిలకవతి ఉరకలేదు. జుట్టు విరబోసుకుని, చెప్పిన చోటే కూర్చుంది. పాత పెంకుల కప్పు దాని మీద కూలింది.

"పిచ్చి పిల్ల, లేచి రావచ్చు కదా" అన్నారు అందరూ. విశాలాక్షి కూడా తల ఊపింది.

ఇరవై ఏడేళ్ళు. ఏటా ఆ పిల్ల పోయిన నెలలో గుడిలో దాని పేరున అర్చన చేయిస్తుంది. దేవుడు క్షమించాడనే అనుకుంది. మిగిలిన మంచి జ్ఞాపకాలన్నీ ఆ రోజు మీద పేర్చుకుంటూ వచ్చింది.

బడి పెద్దగా మారలేదు. వరండాకి మాత్రం సిమెంటు కప్పు వేశారు. ఆఫీసులో కాగితాలయ్యాక, "దీపం అయ్యేదాకా ఉండి పోండమ్మా" అంది వార్డెన్. ముసలి ఆయా రాజాత్తి ఇంకా ఉంది. విశాలాక్షిని చూసి చెంపలు నిమిరింది.

"లావైపోయినావే కన్నూ!"

"నువ్వు మాత్రం అట్నే ఉండావు ఆయా."

"నన్ను ఆ యముడు మర్చిపోయినాడు లే" అని నవ్వింది రాజాత్తి.

దీపం వెలిగింది. పిల్లలు పాట పాడారు. తర్వాత ఏడుగురు పిల్లలు దువ్వెనలతో వరుసగా కూర్చున్నారు, జనని ఎనిమిదోది. రాజాత్తి జనని వీపును చివరి గోడకి ఆనించి కూర్చోబెట్టి, "ఇట్నే ఉండు పాపా, నీకు నేను వేస్తా" అని, నూనె తేవడానికి వంటింట్లోకి పోయింది.

విశాలాక్షికి అది నచ్చలేదు. గోడకి ఆనుకున్న గార్డేంటి? ఇంజను వచ్చి యాడ కూర్చుంటుంది?

"ఇట్టా కాదు పిల్లలూ. మా కాలంలో ఎట్టా కూర్చునేవాళ్ళమో చూపిస్తా. అందరూ ముందుకి జరగండి. ఇంకొంచెం. జననీ, నువ్వు కూడా."

జనని జరిగింది. వీపుకీ గోడకీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు ఏర్పడింది. "ఆఁ, ఇప్పుడు అచ్చం రైలు" అని విశాలాక్షి మురిసిపోయి, వరండా మెట్ల మీద కూర్చుని చూసింది. కళ్ళు చెమర్చాయి. జననికి అలవాటైపోతుంది అనుకుంది. నిశ్చింతగా వదిలి పోవచ్చు అనుకుంది.

వాన మొదలైంది. పెద్ద చినుకులు. కరెంటు పోయింది. గాలికి దీపం కూడా ఆరింది.

"ఎవురూ కదలొద్దండి!" లోపల్నుంచి వార్డెన్ అరిచింది. "ఇప్పుడే వస్తాది."

పిల్లలు కిచకిచ నవ్వారు. చీకట్లోనే జడలు వేసుకుంటున్నారు. దువ్వెనల చప్పుడు, వాన చప్పుడు, వాటి వెనక సముద్రం. మెల్లగా ఒక వాసన వచ్చింది. తడిసిన సున్నం వాసన. పాత పెంకుల దుమ్ము వాసన. సిమెంటు కప్పు కింద ఆ వాసన ఎట్లా వస్తుంది?

విశాలాక్షి చెవులు రిక్కించింది. చివర్నుంచి ఒక దువ్వెన మెల్లగా... చాలా మెల్లగా... నడుస్తోంది. జనని చేతిలో దువ్వెన కాదు. దీపం ఆరకముందే జనని ముందున్న పిల్లకి జడ అయిపోయింది, రిబ్బను కూడా కట్టేసింది.

"జననీ?"

"ఊఁ."

"నీ వెనక ఎవురమ్మా? ఆయా వచ్చిందా?"

"ఆయా కాదు. ఎవురో అక్క. భలే వేస్తా ఉంది అమ్మా." చిన్న నవ్వు. "నాలుగు పాయలు."

విశాలాక్షి లేచింది. గోడ పట్టుకుని తడుముకుంటూ నడిచింది.

"లే. లే జననీ, ఇంటికి పోదాం."

"లేవలేనమ్మా... గట్టిగా పట్టుకోని ఉంది." ఇప్పుడు ఆ గొంతులో నవ్వు లేదు. "నొప్పిగా ఉంది అమ్మా."

అప్పుడు ఆ చీకట్లోంచి, జనని తల వెనక నుంచి...

"అక్కా... వచ్చినావా?"

విశాలాక్షి ఆ గొంతు వైపు ఇంకో అడుగు వేసింది.

"నేను కదల్లేదక్కా."

వినాయకా, వినాయకా అనుకుంటూ విశాలాక్షి నేల మీద కూలబడింది, గోడకీ ఆ గొంతుకీ మధ్య ఇరుక్కుని. ఏం చెయ్యాలో తనకి తెలుసు. చేతులు చాచింది. జుట్టు తగిలింది. తడిగా, బరువుగా, మట్టిపెళ్ళలతో. కింద తల కోసం తడిమింది. తల తగల్లేదు. జుట్టే. ఎంత లోపలికి పోయినా జుట్టే.

పాయలు తీసింది. అల్లసాగింది.

"తప్పు నాదే తల్లీ... కదలొద్దన్నది నేనే. ఎవురికీ చెప్పలేదు. జాంగ్రీలు తింటా కూర్చున్నా... నా బిడ్డని వదిలెయ్ తల్లీ..."

మూడో మెలికకి జనని ఊపిరి పీల్చుకుంది.

"అమ్మా, వదిలేసింది!"

విశాలాక్షి చేతుల్లో జడ ఇంకా సగమే అయింది. మిగతా జుట్టు ఒళ్ళో చల్లగా పడి ఉంది. కూర్చుని పూర్తి చేసి ఉంటే ఎట్లా ఉండేదో, ఆ దేవుడికే తెలియాలి. తల్లి మనసు, ఆగలేదు. జనని చెయ్యి దొరకపుచ్చుకుని లేచింది. లేస్తూ లేస్తూ, తనకి తెలియకుండానే, పాత అలవాటు లాగా అనేసింది:

"ఇదో... వచ్చేస్తా."

పరుగు. మెట్లు, వాన, గేటు. గేటు దగ్గరికి వచ్చేసరికి లైట్లు వెలిగాయి. వెనక్కి తిరిగి చూసింది. ఏడుగురు పిల్లలు వరుసగా కూర్చుని, ఈమెకేమైంది అన్నట్టు చూస్తున్నారు. చివర నూనె గిన్నెతో రాజాత్తి నిలబడి ఉంది. గోడ ముందున్న ఖాళీ చోటు వంక చూస్తోంది. చుట్టూ జల్లుకి తడిసినా, మనిషి కూర్చున్నంత మేర అక్కడ నేల పొడిగా ఉంది.

పెట్టె కూడా తెచ్చుకోలేదు. ఇల్లు చేరాక సీతాపతి, "ఏందే, పిల్లని చేర్పిస్తానని పోయి మళ్ళీ తీసుకొచ్చినావే?" అంటే, "మన పిల్ల మన దగ్గరే ఉండనీ. నేను కొట్టు మానేస్తా" అంది. అంతే చెప్పింది. ఆ నాలుగు పాయల జడని తనే విప్పింది. కూతురు దక్కింది, దేవుడి దయ అని కొబ్బరికాయ కొట్టింది.

మర్నాడు సాయంత్రం దేవుడి గదిలో దీపం పెట్టింది. చాప పరుచుకుని, వీపు గోడకి గట్టిగా ఆనించి కూర్చుని, "దా, జడ వేస్తా" అని పిలిచింది. జనని వచ్చి ముందు కూర్చుంది. రెండుసార్లు దువ్వాక, వీపు వెనక గోడ చల్లగా తగిలింది. జాకెట్టు తడుస్తోంది.

జనని వెనక్కి తిరిగి చూసింది. తల్లి భుజం మీదుగా, ఇంకా వెనక్కి. భయం లేదు ఆ ముఖంలో. తెలిసినవాళ్ళని చూసినట్టే చూసింది.

"కొంచెం ముందుకి జరగమ్మా" అంది. "నువ్వు గోడకి ఆనుకోని కూర్చుంటే, తను యాడ కూర్చుంటాది?"